రాముడు కూడా సుషేణుడితో చెప్పుకున్నాడు: మనకి సరిపడే థెరపిస్ట్‌ని వెతుక్కోవడం ఎలా?

 

పోయిన వారం యుద్ధకాండ వీడియో పెట్టాక ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. పేరు చెప్పను. "అన్నా, ఆరు నెలలుగా రోజూ హనుమాన్ చాలీసా పదకొండు సార్లు చదువుతున్నా. అయినా రాత్రి రెండింటికి గుండె దడదడలాడుతూ మెలకువ వచ్చేస్తోంది. ఆఫీసులో మీటింగ్ అంటే చేతులు వణుకుతున్నాయి. మా ఫ్రెండ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళమంటోంది. వెళ్తే స్వామి మీద నమ్మకం లేనట్టే కదా? నా భక్తిలో లోపం ఎక్కడుంది అన్నా?"

ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. ఎందుకంటే నాలుగేళ్ళ క్రితం అక్షరం తేడా లేకుండా ఇదే ప్రశ్న నన్ను నేను అడుక్కున్నాను. జవాబు దొరికేలోపు ఏడాది పోగొట్టుకున్నాను. ఆ తమ్ముడికి అంత టైమ్ పట్టకూడదని ఈ పోస్ట్.

ముందు యుద్ధభూమికి వెళ్దాం

రావణుడు విసిరిన శక్తి తగిలి లక్ష్మణుడు పడిపోయాడు. అప్పుడు రాముడి పరిస్థితి ఏమిటో వాల్మీకి మహర్షి దాచకుండా చెప్పాడు. పక్కనే ఉన్న సుషేణుడితో రాముడు తన బాధ చెప్పుకుంటాడు. నా పరాక్రమం సిగ్గుపడుతున్నట్టుంది, చేతిలోంచి విల్లు జారిపోతోంది, కన్నీళ్ళతో చూపు ఆనడం లేదు, ఇంక ఈ యుద్ధంతో, ఈ ప్రాణంతో పనేముంది అనేదాకా వెళ్తాడు. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఈ మాటలు అన్నది ఎవరో కాదు, మనం రోజూ దణ్ణం పెట్టుకునే రామచంద్రమూర్తి! ఆయన చేతిలో విల్లే జారిందంటే, మన చేతిలో మౌస్ జారడం పెద్ద వింతేం కాదు.

ఇప్పుడు సుషేణుడు ఏం చేశాడో చూడండి. "నువ్వు రాముడివి, నువ్వే ఇలా అయిపోతే ఎలా?" అని దెప్పలేదు. ముందు రాముడికి ధైర్యం చెప్పాడు. తర్వాత లక్ష్మణుణ్ణి పరీక్షగా చూశాడు. ముఖంలో కాంతి తగ్గలేదు, అరచేతులు ఎర్రగానే ఉన్నాయి, ఊపిరి ఆడుతోంది, కాబట్టి ప్రాణం ఉంది అని లక్షణాలు చూసి చెప్పాడు. ఆ తర్వాతే హనుమంతుణ్ణి పిలిచి ఓషధీ పర్వతం మీదనుంచి ఫలానా మూలికలు తీసుకురమ్మన్నాడు.

హనుమంతుడు వెళ్ళాడు. కానీ ఏది ఏ మూలికో గుర్తుపట్టలేకపోయాడు. టైమ్ లేదు, అందుకని శిఖరం మొత్తం ఎత్తుకొచ్చాడు. ఈ సీన్ మనకి చిన్నప్పటినుంచి తెలుసు, ప్రతి ఊళ్ళో కాలెండర్ మీద ఉంటుంది. కానీ తర్వాతి సీన్ కాలెండర్ మీద ఉండదు. ఆ కొండలోంచి కావలసిన మూలికని గుర్తుపట్టి, కోసి, నూరి, లక్ష్మణుడి ముక్కులో వేసింది సుషేణుడు. అప్పుడు లక్ష్మణుడు లేచాడు.

అంటే ఏమిటి? హనుమంతుడి బలం లేకపోతే కొండ రాదు. సుషేణుడి విద్య లేకపోతే కొండ వచ్చినా లక్ష్మణుడు లేవడు. పక్కన సాక్షాత్తూ హనుమంతుడు ఉండగా కూడా రాముడికి వైద్యుడు కావాల్సి వచ్చింది. మరి హనుమంతుడి చాలీసా చదివే మనకి వైద్యుడు అక్కర్లేదని ఎవరు చెప్పారు?

నా కొండ కథ

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది. ప్రొడక్షన్‌లో ఇష్యూ వస్తే రాత్రి ఫోన్ మోగే టీమ్ నాది. కొన్నాళ్ళకి ఫోన్ మోగకపోయినా మోగినట్టు ఉలిక్కిపడి లేవడం మొదలైంది. ఒకరోజు మెట్రోలో ఊపిరి అందలేదు, హార్ట్ ఎటాక్ అనుకుని క్యాజువాలిటీకి వెళ్ళాను. ఈసీజీ నార్మల్. "గ్యాస్ అయి ఉంటుంది" అన్నారు. ఇంటికొచ్చి జపం పెంచాను. అది తగ్గకపోయేసరికి ఇంకా పెంచాను. ప్రతిసారీ ఒకటే లెక్క: తగ్గలేదంటే నా భక్తి చాల్లేదు. మా అమ్మ ఫోన్‌లో "ఏరా, గొంతు అలా ఉందేంటి? అన్నం తిన్నావా?" అంటే తిన్నానని అబద్ధం చెప్పేవాణ్ణి.

చివరికి మా రూమ్మేట్ ఒకడు తిట్టి మరీ అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. ఆ మొదటాయన నా మాట పది నిమిషాలు విని "ఈ పూజలవీ మానెయ్, పెళ్ళి చేసుకో, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. బయటికొచ్చి లిఫ్ట్ దగ్గర నిలబడి, ఇదేనా థెరపీ అంటే, దీనికంటే గుడే నయం అనుకున్నా. ఇంకో అయిదు నెలలు ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. ఆ అయిదు నెలలే నా జీవితంలో అన్నిటికంటే కష్టమైనవి. బ్రతకడం ఎందుకు అనే ఆలోచన కూడా వచ్చింది. సిగ్గుపడకుండా చెప్తున్నాను, ఎందుకంటే ఇది చదివేవాళ్ళలో ఆ ఆలోచనతో ఉన్నవాళ్ళు ఉండొచ్చు.

తర్వాత దొరికిన మేడమ్ మొదటి రోజే ఒకటి అడిగారు: "జపం చేసేటప్పుడు మీకు ఎలా ఉంటుంది? హాయిగా ఉంటుందా, పరీక్ష రాస్తున్నట్టు ఉంటుందా?" నేను ఏడ్చేశాను. ఏడాదిగా పరీక్షలాగే ఉంది. స్వామి ముందు కూర్చుని నేను మార్కులు లెక్కపెట్టుకుంటున్నాను. ఆవిడ నా జపం మాన్పించలేదు, నాకు నా జపం తిరిగి ఇచ్చారు.

మొదటాయన, ఈ మేడమ్, ఇద్దరి బోర్డు మీదా ఒకే మాట ఉంది. కొండ ఒకటే, మూలికలు వేరు. గుర్తుపట్టడం నాకు రాలేదు, అంతే. అందుకే కొంచెం గుర్తుపట్టడం నేర్చుకుందాం.

ఏ బాధకి ఏ మూలిక?

సుషేణుడు చెప్పినవి నాలుగు. విశల్యకరణి, లోపల గుచ్చుకున్న ములుకుని తీసేది. సావర్ణ్యకరణి, పోయిన రంగుని తిరిగి తెచ్చేది. సంధాని, విరిగింది అతికేది. సంజీవకరణి, పోయే ప్రాణాన్ని నిలబెట్టేది. గమనించారా, ఒకే మందు అన్నిటికీ అని ఆయన చెప్పలేదు. ఇప్పుడు చెప్పబోయే పోలిక శాస్త్రంలో ఉన్నది కాదు, నా మనసుకి తోచింది.

ఎప్పుడో జరిగిన సంఘటన ములుకులా లోపలే ఉండిపోయిందా? చిన్నప్పటి దెబ్బలు, వేధింపులు, యాక్సిడెంట్ లాంటివా? అయితే ట్రామా మీద ప్రత్యేకంగా ట్రైనింగ్ తీసుకున్నవాళ్ళని వెతకాలి.

లోకం రంగు వెలిసిపోయిందా? ఇష్టమైన పనులు కూడా చేయబుద్ధి కావడం లేదా? నిద్ర, ఆకలి మారి రెండు వారాలు దాటిందా? అది డిప్రెషన్ అయి ఉండొచ్చు. దీనికి సీబీటీ లాంటి థెరపీలు ఉన్నాయి, కొందరికి మందులు కూడా కావాలి. థైరాయిడ్ తక్కువైనా ఇలాగే నీరసంగా, దిగులుగా ఉంటుంది కాబట్టి డాక్టర్ రక్త పరీక్ష రాస్తే "మనసుకి రక్తంతో ఏం పని" అనుకోకండి.

విరిగింది బంధమా? అయితే దంపతులతో, కుటుంబాలతో పనిచేసే థెరపిస్ట్ కావాలి. ఇద్దరి గొడవకి ఒక్కరే వెళ్ళి కూర్చుంటే సగం పనే అవుతుంది.

ఇక నాలుగోది. చనిపోవాలనే ఆలోచనలు వస్తుంటే ఇంక వెతుకులాట వద్దు, ఈ పోస్ట్ పూర్తి చేయడం కూడా వద్దు. ఇప్పుడే 14416కి ఫోన్ చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రమాదం ఇప్పుడే అనిపిస్తే 112కి చేయండి, లేదా దగ్గరున్న ఏ పెద్దాసుపత్రి క్యాజువాలిటీకైనా వెళ్ళండి. ఒంటరిగా ఉండకండి, పక్కన ఒక మనిషిని పెట్టుకోండి.

మన ఛానల్ చూసేవాళ్ళకి ప్రత్యేకంగా ఇంకొకటి చెప్పాలి. చాలామంది నాకు రహస్యంగా రాసేది ఇదే. పూజలో కూర్చుంటే దేవుడి గురించి చెడ్డ ఆలోచనలు, బూతులు, అసహ్యమైన బొమ్మలు మనసులోకి వస్తున్నాయని, పాపం తగులుతుందని భయమేసి మంత్రం మళ్ళీ మొదటినుంచి చదువుతున్నామని, కాళ్ళు మళ్ళీ మళ్ళీ కడుక్కుంటున్నామని. నాన్నా, తల్లీ, ఇది పాపం కాకపోవచ్చు. ఇలా వద్దనుకున్నా వచ్చే ఆలోచనలు, వాటిని చెరిపెయ్యడానికి చేసే పనులు ఓసీడీ లక్షణాలు కావచ్చు. మీకు భక్తి ఉంది కాబట్టే అది భక్తి మీద దాడి చేస్తోంది. దీనికి ఈఆర్‌పీ అనే పద్ధతి ఉంది, బాగా పనిచేస్తుందని పేరున్న పద్ధతి. ఫోన్ చేసినప్పుడు "మీరు ఓసీడీకి ఈఆర్‌పీ చేస్తారా?" అని సూటిగా అడగండి.

సుషేణుడెవరు, సుషేణుడి వేషమెవరు?

మన దేశంలో థెరపిస్ట్ అని బోర్డు పెట్టుకోవడం కష్టమేం కాదు. వారాంతపు కోర్సు చేసినవాళ్ళూ పెట్టేస్తున్నారు. అందుకే మూడు మాటలు గుర్తుపెట్టుకోండి.

సైకియాట్రిస్ట్ అంటే డాక్టర్. ఎంబీబీఎస్ చదివి, తర్వాత సైకియాట్రీలో ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసినవాళ్ళు. మందులు రాసేది వీళ్ళే. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది.

క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. పరీక్షలు చేస్తారు, థెరపీ చేస్తారు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు చేసి ఉండాలి. ఎక్కువమందిది రెండేళ్ళ ఎంఫిల్. ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. అడిగితే కోపం తెచ్చుకునేవాళ్ళ దగ్గర మీకు పని లేదు.

కౌన్సెలర్, కౌన్సెలింగ్ సైకాలజిస్ట్ అంటే సాధారణంగా సైకాలజీలో ఎంఏ లేదా ఎమ్మెస్సీ చేసినవాళ్ళు. ఉద్యోగ ఒత్తిడి, బ్రేకప్, పరీక్షల భయం, ఇంట్లో మాట పట్టింపులు లాంటివాటికి మంచి కౌన్సెలర్ ఎంతో సాయం చేస్తారు. తీవ్రమైన జబ్బు అనిపిస్తే వాళ్ళే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపిస్తారు. అలా పంపడం మంచి లక్షణం.

ఎవరి దగ్గర మొదలుపెట్టాలో తెలియకపోతే సైకియాట్రిస్ట్‌ని ఒకసారి కలిసి, ఏమిటో తేల్చుకుని, అక్కడినుంచి థెరపీకి వెళ్ళడం ఒక మంచి దారి. రోజువారీ పనులు ఆగిపోయేంత బాధ ఉన్నా, లేని మాటలు వినిపిస్తున్నా, రోజుల తరబడి నిద్రే అక్కర్లేనంత హుషారు ఉన్నా మాత్రం తప్పకుండా ముందు సైకియాట్రిస్టే.

ఎక్కడ వెతకాలి?

డబ్బు లేదని ఆగిపోవద్దు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది, గాంధీ, ఉస్మానియాలలో సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. బెంగళూరులో ఉన్నవాళ్ళకి నిమ్హాన్స్ ఉంది. మీ దగ్గర్లోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉందో కనుక్కోండి. క్యూ ఉంటుంది, ఎక్కువసేపు మాట్లాడే వీలు ఉండకపోవచ్చు, కానీ అక్కడున్నది చదువుకున్న డాక్టర్లు. "వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి" అని మనం సరదాగా అనేసిన ప్రతి జోకూ ఒక మనిషి అక్కడికి వెళ్ళకుండా ఆపి ఉంటుంది. ఇకనుంచి ఆ జోక్ మానేద్దాం.

ఉద్యోగం చేసేవాళ్ళు మీ కంపెనీలో ఈఏపీ ఉందేమో చూడండి. చాలా ఐటీ కంపెనీలు కొన్ని సెషన్లు ఉచితంగా ఇస్తాయి. మనం ఆ మెయిల్ చదవకుండా డిలీట్ చేస్తాం, నేనూ చేశాను. హెచ్‌ఆర్‌కి ఏ వివరాలు వెళ్తాయో మొదటి కాల్‌లోనే అడిగేయండి. ఇన్సూరెన్స్ సంగతి కూడా చూసుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శరీర జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలి. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, ఓపీ ఫీజు ఇవ్వవు. పాలసీ కాగితం తెరిచి చూడండి.

దగ్గరలో ఉండటం కూడా ముఖ్యమే. ఉప్పల్‌లో ఉంటూ గచ్చిబౌలిలో థెరపిస్ట్‌ని పెట్టుకుంటే మూడో వారానికి మానేస్తారు. వారం వారం వెళ్ళాల్సిన చోటు మీ దారిలో ఉండాలి. ఆన్‌లైన్ మంచిదే, కానీ పీజీలో ముగ్గురు రూమ్మేట్స్ మధ్య ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మనసు విప్పలేం. అలాంటప్పుడు నేరుగా వెళ్ళడమే మేలు.

భాష ఇంకా ముఖ్యం. మన ఇంగ్లీష్ స్టాండప్ మీటింగ్‌కి సరిపోతుంది. కానీ "నాన్న నాతో మాట్లాడటం మానేశాడు" అనే మాట ఇంగ్లీష్‌లో చెప్తే రిపోర్ట్ చదివినట్టుంటుంది, తెలుగులో చెప్తే గొంతు పూడుకుంటుంది. మీకు ఏడుపు ఏ భాషలో వస్తుందో ఆ భాష తెలిసినవాళ్ళని వెతకండి.

మొదటి ఫోన్ కాల్

ఇద్దరు ముగ్గురి పేర్లు రాసుకుని ఫోన్ చేయండి. భయమేస్తే ఈ ప్రశ్నలు కాగితం మీద పెట్టుకుని చదివేయండి, నేనలాగే చేశాను. మీరు ఏం చదివారు, రిజిస్ట్రేషన్ ఉందా? నాలాంటి సమస్య ఉన్నవాళ్ళతో పనిచేశారా? మీ పద్ధతి ఏమిటి? ఫీజు ఎంత, తగ్గించే వీలుందా? సెషన్ ఎంతసేపు? రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి? నేను చెప్పింది ఎవరికైనా చెప్తారా, ఏ పరిస్థితుల్లో చెప్పాల్సి వస్తుంది?

మన గోప్యతకి పైన చెప్పిన చట్టంలోనే హక్కు ఉంది. ప్రాణానికి ప్రమాదం ఉందనుకున్నప్పుడు లాంటి కొన్ని సందర్భాలే మినహాయింపు. మంచి థెరపిస్ట్ ఇది అడక్కముందే చెప్తారు.

ఇంకో ప్రశ్న మనలాంటివాళ్ళ కోసం: "నేను పూజలు చేస్తాను, గుడికి వెళ్తాను. మీకు ఇబ్బందా?" వాళ్ళు భక్తులు కానక్కర్లేదు. మీ భక్తిని గౌరవిస్తే చాలు.

నప్పిందో లేదో ఎలా తెలుస్తుంది?

మూడు నాలుగు సెషన్లు చూడండి. ప్రతిసారీ హాయిగా ఉండాలని లేదు, ములుకు తీసేటప్పుడు నొప్పి ఉంటుంది. కానీ "ఈ మనిషి నా మాట వింటున్నారు, మేమిద్దరం ఎటు వెళ్తున్నామో నాకు తెలుసు" అనిపించాలి. అనిపించకపోతే వాళ్ళతోనే ఆ మాట చెప్పండి. మార్చుకోవాలంటే మార్చుకోండి. అది ద్రోహం కాదు.

వెంటనే లేచి రావాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. మూడు సెషన్లలో పూర్తిగా నయం చేస్తానని గ్యారంటీ ఇస్తే. సెషన్ బయట స్నేహం, డబ్బు, శరీర సంబంధం లాంటివి ఆశిస్తే. మీ మాటలు మీ ఇంట్లోవాళ్ళకి చేరవేస్తే. మీ నమ్మకాన్ని వెక్కిరిస్తే. లేదా దీనికి విరుద్ధంగా, మందులు ఆపేసి ఈ ఉంగరం పెట్టుకో, ఈ హోమం చేయించు అని రేటు చెప్తే. దేవుడి పేరు చెప్పాడు కాబట్టి మనవాడే అనుకోకండి. మారీచుడు బంగారు లేడిలా వచ్చాడు, రావణుడు సన్యాసిలా వచ్చాడు.

మరి నా జపం?

మానొద్దు. కొండ తెచ్చే బలం అదే కదా. పొద్దున్నే లేచి స్నానం చేసి దీపం పెట్టడం, అదే టైమ్‌కి కూర్చోవడం, నలుగురితో కలిసి భజన, ఇవన్నీ మనసుకి ఊతం. కానీ జపం సంఖ్యని మీ జబ్బుకి థర్మామీటర్ చేయకండి. జ్వరం తగ్గలేదంటే మందు మార్చాలి, భక్తుణ్ణి దండించకూడదు.

చాలామంది అడిగే ఇంకో మాట. మాల వేసుకున్నప్పుడు, ఉపవాసం ఉన్నప్పుడు టాబ్లెట్లు వేసుకోవచ్చా? వైద్యుణ్ణి నారాయణుడిగా చూడమన్న సంప్రదాయం మనది. ఔషధం వ్రతభంగం ఎలా అవుతుంది? డాక్టర్ చెప్పకుండా మందు హఠాత్తుగా ఆపేస్తే మాత్రం ప్రమాదం. డిప్రెషన్ మందులు పనిచేయడానికే కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో "తగ్గలేదు" అనో "తగ్గిపోయింది" అనో మానేయొద్దు. లిథియం లాంటి మందు వాడేవాళ్ళు నీళ్ళు కూడా తాగని ఉపవాసం చేస్తే రక్తంలో మందు మోతాదు పెరిగిపోవచ్చు. దీక్షకి ముందు గురుస్వామిని అడిగినట్టే డాక్టర్‌నీ అడగండి.

తమ్ముడూ, ఇక నీ ప్రశ్నకి జవాబు. నీ భక్తిలో లోపం లేదు. ఆరు నెలలు నిద్ర లేకుండా పదకొండు సార్లు చదివినవాడి భక్తిలో లోపం ఎంచడానికి నేనెవర్ని? నువ్వు హనుమంతుణ్ణి పిలిచావు, ఆయన వచ్చాడు. నీ ఫ్రెండ్ నోటితో "వెళ్ళు" అని చెప్పించింది ఎవరనుకున్నావు? కొండ నీ ముందు ఉంది. ఇక సుషేణుణ్ణి వెతుక్కోవడమే మిగిలింది.

ఈ శనివారం గుడికి వెళ్ళినప్పుడు స్వామి ముందు ఒక్క సంకల్పం చెప్పుకో: "సోమవారం లోపు ఒక్క ఫోన్ కాల్ చేస్తాను." చేశాక నాకు మెసేజ్ పెట్టు. మొదటివాళ్ళు నప్పకపోయినా పెట్టు, రెండో పేరు వెతకడానికి తోడుంటాను. నాలాగా అయిదు నెలలు లిఫ్ట్ దగ్గరే ఆగిపోవద్దు.

లక్ష్మణుడు లేచాకే రాముడు మళ్ళీ విల్లు పట్టుకున్నాడు. నువ్వూ పట్టుకుంటావు.

జై శ్రీరామ్. జై హనుమాన్.